నలభై దాటని బండి

చంద్రగిరిలో ఒక ఆదివారం. వాకిట్లో పాత దినపత్రిక పరుచుకుని పల్లవి, చుట్టాలింటికి వెళ్ళిన తన నాయన మోటారు సైకిలు కార్బురేటరు విప్పుతూ ఉంటే, గడపలో కూర్చున్న తల్లి ప్రసన్నకుమారికి ప్రాణం ఒకచోట నిలవడం లేదు.

"అది నా తాలింపు గిన్నె మే! దాంట్లో పెట్రోలు పోసినావా?"

"చిన్న గిన్నె ఇంకోటి కనపళ్ళేదు మా. సబ్బేసి కడిగిస్తాలే."

"కడిగితే పోతాదా ఆ వాసన? రేపు దాన్ని పొయ్యి మీద పెట్టంగానే బగ్గుమంటే? ఇల్లంటుకుంటే? గోడకు అవతలే పక్కింటోళ్ళు దూడను కూడా కట్టేసుండారు."

"అప్పుడే దూడ దాకా పోయినావా?"

"నీకు నవ్వులాటగా ఉండాది. లోపల దేవుడి గూట్లో దీపం ఎలగతాండాది. ఉండు, కొండెక్కించి వస్తా. పొయ్యి కూడా ఆర్పేస్తా."

"దీపం యాడ, ఇది యాడ! సరే, ఆర్పేసి రా. వచ్చి ఈ ఫోను పట్టుకో. నా చేతులన్నీ జిడ్డు."

"ఆర్పినా. ఇంగ సగం ఉడికిన కూరతో మధ్యాన్నం గడపాల్సిందే. ఎవరు వీడు? తమిళంలో మాట్లాడతాండాడే?"

"ఈ పాత మోడలు కార్బురేటరును వీడొక్కడే మొత్తం విప్పి చూపించినాడు. నీ పుట్టిల్లు నగరి గదా, నీకు తమిళం వస్తాది. వాడేం చెప్తే అది నాకు చెప్పు, నేను అట్లే చేస్తా."

"నాకు వచ్చేది ఇంటి తమిళం. బండి తమిళం నాకు యాడ వచ్చు?"

"వచ్చినంత చెప్పు మా."

"ముందు పెట్రోలు మూసేయమంటాడు. ట్యాంకు కింద కొళాయి."

"మూసినా."

"మళ్ళీ చూడు."

"మూసినా మా!"

"ఇంగ ఆ డబ్బా కింద గిన్నె విప్పమంటాడు. మెల్లగా విప్పమంటాడు. జాగ్రత్తగా విప్పమంటాడు. చేతకాకుంటే మెకానిక్కుకు ఇచ్చేయమంటాడు."

"అంత మాట అన్నాడా?"

"అన్నట్టే ఉండాది."

"మెదువా అన్నాడు, మెల్లగా అని, అంతే. అది నాకూ తెలుసు. అబ్బా! ఈ స్క్రూ రాదే! తల అరిగిపోయింది. ఎన్ని తూర్లు తిప్పినా స్క్రూడ్రైవరు జారతాంది."

"వేలికి గుచ్చుకుంటే సెప్టిక్కు అయ్యి చెయ్యి తీసేస్తారు. ఇడిసిపెట్టు మే. సుబ్బన్న రేపొస్తాడు గదా ఊరినుంచి. ఆయన మెకానిక్కు, ఆయన చూసుకుంటాడు."

"రేపొచ్చి ఏం లాభం? రేపు తెల్లారే గదా నాయన పోవాల్సింది! అయినా సుబ్బన్న చేసేదేముండాది? బండిస్తే పైపైన తుడిచి, 'ఈ బండి ఇంతే పాపా' అని నవ్వుతాడు. ఇంకో మెకానిక్కు కాడికి పోదామంటే నాయన వొద్దంటాడు. ఇద్దరూ ఇద్దరే. అమ్మయ్య, వచ్చింది. చూడు మా, గిన్నె అడుగున చూడు!"

"ఏంది, పసుపు మాదిరి?"

"తుప్పు, మన్ను. గాలీ పెట్రోలూ ఈ డబ్బాలో కలిసి ఇంజన్లోకి పోవాల. ఇంత చెత్త పెట్టుకోని యాడ కలుస్తాది? అందుకే ఈ బండి నలభై దాటదు."

"నలభై చాలదా? నలభైలో పోయినోళ్ళు పోలేరమ్మ తల్లి దయవల్ల ఇంటికి వస్తారు."

"చాలదు! నిన్న నాయన వచ్చి చెప్పింది నువ్వు వినలా? ఇంకొక్కసారి లేటుగా వస్తే గేటు బయటే ఉండమన్నారు. కొత్త సూపర్వైజరు, పాతాయన మాదిరి చూసీచూడనట్టు పోడు. చంద్రగిరి నుంచి తిరుపతి ఊరంతా దాటి రేణిగుంట ఫ్యాక్టరీకి, ఆరుగంటల షిఫ్టుకు, నలభైలో పోతే ఎట్లా అందుతాడు?"

"రవంత ముందు పోవాల."

"ఎట్లా పోతాడు? భుజం నొప్పితో నువ్వా చెయ్యి పైకెత్తలేవు. కొళాయి ఐదింటికి గాని రాదు. నీళ్ళు పట్టి తొట్టి నింపి గదా ఆయన కదిలేది. నన్ను లేపొచ్చు గదా అంటే అదీ లేదు."

"బ్యాంకు పరీక్షకు రాత్రంతా చదివి పడుకునే పిల్లను లేపొద్దంటాడు మీ నాయన."

"పరీక్ష పాసయ్యేదెప్పుడు, ఉద్యోగం వచ్చేదెప్పుడు? ముందు నాయన ఉద్యోగం నిలబడాల. ఆ వయసులో ఇంకెవరిస్తారు ఆయనకు? చెప్పు."

"ఉద్యోగం పోతే ఇంకేదన్నా చేసుకోవచ్చు."

"ఏంది మా ఆ మాట? నువ్వేనా అనేది? కరెంటు బిల్లు ఒక దినం లేటయితే తీగలు కత్తిరిస్తారని ఏడ్చేదానివి!"

"ఏదో నోటికొచ్చింది అన్యా. నీ పని చూసుకో. ఇదేంది, ఇత్తడిది? మా అమ్మోళ్ళింట్లో పంపు స్టవ్వుకు ఇట్లాంటిదే ఉండేది."

"జెట్టు అంటారు. ఎండకు పట్టి చూస్తే కన్నంలో వెలుతురు కనపడాల. చూడు. కనపడతాండాదా?"

"లేదు."

"అదీ సంగతి."

"పంపు స్టవ్వుకయితే పిన్ను గుచ్చంగానే మంట నీలంగా లేచేది. ఉండు, జాకెట్టు పిన్నీసిస్తా."

"వొద్దు, వొద్దు! పిన్నీసు పెడితే కన్నం పెద్దదైపోతాది. పాత వైరులో రాగి పోగు చాలు. ఇదో... ఇట్లా... అయ్యో, పోగు వంగిపాయ. మళ్ళీ... ఛీ! మళ్ళీ వంగిపాయ."

"కోపం తెచ్చుకోవద్దు."

"కోపం కాదు మా, ఒక్కటీ చెప్పినట్టు వినదే! వీడియోలో వాడు ఊదంగానే శుభ్రమైపోతాది, నేను ఊదితే నా నోరే పెట్రోలైపాయ. ఆ... వచ్చింది, వచ్చింది. చూడు, ఇప్పుడు చుక్కంత వెలుతురు! వాడేమంటాడు తర్వాత?"

"పైన మూత విప్పొద్దంటాడు."

"ఏ మూత?"

"డబ్బా నెత్తిన, యాక్సిలేటరు తాడు దిగే మూత. లోపల స్ప్రింగు ఉంటాదంట. విప్పితే ఎగిరి కంట్లో పడతాదంట. కండ్లు పోయినోళ్ళు ఉండారంట."

"సరే, దాని జోలికి పోను. ఈ రబ్బరు రింగు చూడు, పెట్రోలులో నాని సాగిపోయింది. గాడిలో పట్టడంలా. ఒకపక్క పెడితే ఇంకోపక్క లేస్తాది."

"ఎండలో పెట్టు. వడియం మాదిరి ముడుచుకుంటాది."

"నీ వంటింటి లెక్కలు దీనికి... సరే, పెట్టి చూస్తా. గాలికి పోతాదేమో, కాపలా ఉండు."

"ఇదో, ముడుచుకునింది. నేను చెప్పలా?"

"చెప్పినావులే. ఇంగ మూసేస్తాండా. బండికి తగిలించి కొళాయి తిప్పేదే."

"పల్లవీ! కారతాండాది! కింద గొట్టంలోనుంచి పెట్రోలు కారతాండాది మే!"

"కొళాయి మూయి! మూయి మా!"

"ఏ పక్కకు?"

"పక్కకు! ఆ పక్కకు కాదు! ఇడు, నేను మూస్తా."

"చెప్తానే ఉండా. ఇంగ ఒక్క నిప్పురవ్వ పడింటే మనం, ఆ దూడ, వీధి వీధంతా..."

"ఊరికే ఉండు మా, నన్ను ఆలోచన చేసుకోనీ. ఎందుకు కారింది? పెట్రోలు నిండంగానే లోపల ఈ బుడ్డి తేలి దారి మూయాల. మూసేది ఒక సన్న ముల్లు. ఆ ముల్లు... ఆ ముల్లు తగిలించకుండానే మూసినా!"

"మరి ముల్లు యాడ?"

"పత్రిక మీద పెట్టినా."

"పత్రికా?"

"ఏం?"

"ఇసుక పడిందని దాన్ని ఇందాకే దులిపినా."

"యాడికి?"

"వాకిట్లోకి."

"అమ్మా! జొన్నగింజంత ఉంటాది అది! ఈ ఇసుకలో ఎట్లా దొరకతాది? ఆదివారం స్పేర్లంగడి కూడా తియ్యరు! నువ్వు నాకు సాయం చేస్తాండావా, చెరుపు చేస్తాండావా?"

"అరవొద్దు మే, వెతకతాండా గదా. జల్లెడ తెస్తా."

"తే! జల్లెడా తే, పరకా తే. లేకుంటే నాయనకు ఏం చెప్పాల? బండి విప్పి ముల్లు పారేసినా, రేపు నడిచి పో అని చెప్పాల్నా?"

"కాలి కింద ఏందో గుచ్చుకుంటాండాది..."

"కదలొద్దు! అట్లే ఉండు. పాదం మెల్లగా ఎత్తు. ఇదే! ఇదే మా!"

"మడమలో దిగింటే? తుప్పు ముల్లు. టెటనస్సు సూది ఎయ్యించుకోవాల్నా?"

"ఇది ఇత్తడిది. నీకేం కాలా. తుడిచి ఇయ్యి."

అలా బిగించి, విప్పి, మళ్ళీ బిగించేసరికి మధ్యాహ్నం దాటిపోయింది.

"అంటుకునింది! విన్నావా? అంటుకునింది! ...అయ్యో. మళ్ళీ నిలబడిపాయ."

"కిక్కు కొట్టి కొట్టి నీ కాలు చూడు, ఎట్లా వాచిందో. ఇంగ చాలు. రా, అన్నం తిను."

"నాకొద్దు. ఊరికే ఉంటే కొట్టుకుంటాది, యాక్సిలేటరు ఇయ్యంగానే గుక్క తిప్పుకోలేకుండా చస్తాది. ఇంగేముండాది నేను కడగనిది? వీడియో మళ్ళీ మొదట్నుంచి పెట్టు."

"ఫోనులో ఛార్జింగు అయిపోతాది."

"పెట్టు మా. ఆ... ఆగు. ఆడ ఆపు. వాడు పై మూత విప్పుతాండాడే?"

"యాడ?"

"ఇదో! స్ప్రింగు తీస్తాండాడు. విప్పొద్దన్నాడంటివే?"

"మొదట వొద్దన్నాడు. తర్వాత మనసు మార్చుకున్నట్టుండాడు."

"వేండాం అన్న మాట వాడి నోట రానే లేదు మా. తిరుపతిలో టీ అమ్మేవాళ్ళకు కూడా తెలుసు వేండాం అంటే వొద్దు అని. నేను చెవి పెట్టి వింటాండా. మొత్తంలో ఒక్క వేండాం లేదు!"

"నీకు అంత తమిళం వచ్చినప్పుడు నన్నెందుకు చెప్పమన్నావు?"

"ఎందుకు మా విప్పొద్దంటావు?"

"కన్నుకు దెబ్బ..."

"నాయన హెల్మెట్టు పెట్టుకుంటా. అద్దం దించుకుంటా. చాలునా?"

"నా మాట విను పాపా. ఆ మూత జోలికి పోవద్దు."

"పోయినా. ఇదో, విప్పినా. స్ప్రింగు ఎగరలా, కన్ను పోలా. ...ఇదేంది?"

"ఏంది?"

"స్ప్రింగు లోపల ఏందో గొట్టం ముక్క. ప్లాస్టిక్కు. బాల్ పెన్ను గొట్టాన్ని కోసినట్టుండాది. వాడి వీడియోలో ఇది లేదే?"

"కంపెనీవాళ్ళు పెట్టుంటారు."

"నీలం పెన్ను గొట్టాన్ని కంపెనీవాళ్ళు పెడతారా?"

"నీలమా?"

"నీలమే."

"బాగా చూడు మే. తెల్లగా గదా ఉండాలా?"

"తెల్లగా ఎందుకుండాల?"

"ఊరికే అన్యా. కూర అడుగంటుతాంది, పోయి వస్తా."

"పొయ్యి పొద్దున్నే ఆర్పేసినావు, పెట్రోలు భయానికి. కూచో. ఇది చూడు. మనం యాక్సిలేటరు తిప్పితే తాడు ఈ పిస్టన్ను పైకి లాగాల. అది ఎంత లేస్తే పెట్రోలు అంత పోతాది. ఈ గొట్టం మధ్యలో కూచోని సగంలోనే ఆపేస్తాది. మెడ పట్టుకున్నట్టు. ఇంగ నలభై యాడ దాటుతాది? ఇది తుప్పూ కాదు, మన్నూ కాదు. ఎవరో కావాలని పెట్టింది."

"ఎవరు పెడతారు?"

"తెల్లగా ఉండాలన్నావు గదా. నువ్వే చెప్పు."

"తల నొప్పిగా ఉండాది నాకు."

"మా. నా మొగం చూసి చెప్పు."

"అవును, నేనే పెట్టించినా! ఏం జేస్తావు? పోలీసుల్ని పిలుస్తావా?"

"నువ్వా?"

"నేనే. మీ మామ ఎల్లప్ప పుత్తూరు రోడ్డు మీద పోయినంక. మీరందరూ వాడి మొగం చూసి ఏడిస్తిరి. నేను వాడి బండిని చూసినా. మీటరు పగిలి, లోపల ముల్లు తొంభై కాడ అట్లే నిలబడిపోయుండాది. వాడు పోయినా ఆ ముల్లు కిందికి దిగలా. అది కండ్లలో పెట్టుకోని ఇంటికొస్తే, మీ నాయన అదే మాదిరి బుర్రుమని వాకిట్లో దిగినాడు. నీకు గుర్తుందో లేదో, అప్పుడు ఆయన బండి తోలితే గాల్లో పోతాండే. చెప్పినా. ఏడ్చినా. కాళ్ళు పట్టుకున్యా. సరే సరే అంటాడు, వీధి మలుపు తిరగంగానే మళ్ళీ బుర్రు. ఆయన వచ్చేదాకా ఈ గడపలోనే కూచునేదాన్ని. కూడు దిగేది కాదు, కునుకు పట్టేది కాదు. సుబ్బన్నను అడిగితే, ఇట్లా ఒక ముక్క పెడితే దౌడు తగ్గుతాదక్కా అన్నాడు. నీ పెన్ను కోసి ఇచ్చినా."

"నా పెన్నా?"

"తెల్లది."

"ఏడో తరగతిలో పోయిన నా తెల్ల పెన్నా? పిన్ని కూతురు అమల ఎత్తుకోనుంటాదని నువ్వే గదా చెప్పింది! ఆ పాపతో నేను ఏడాది మాట్లాడలా మా!"

"నీకు పెన్ను కావాల్నా, నాయన కావాల్నా?"

"మరి ఇది నీలం ఎట్లా అయింది?"

"పెట్రోలులో నాని రంగు మారుంటాది. నా నీలం చీరతో కలిపి ఉతికితే నీ తెల్ల చున్నీ నీలం కాలా?"

"పెట్రోలు నీలంగా ఉంటాదా మా?"

"అయితే సుబ్బన్న మార్చుంటాడు. నన్ను గుచ్చి గుచ్చి అడగొద్దు."

"నాయనకు తెలుసా?"

"తెలిస్తే ఉంచుతాడా? ఆ క్షణమే పీకి పారేస్తాడు. తెలీదు. నువ్వు చెప్పొద్దు."

"ఫ్యాక్టరీలో ఆయన్ని ఏమంటారో తెలుసునా నీకు? ఎద్దుల బండి మునిచంద్ర అంటారు. వెనక వచ్చే సైకిళ్ళోళ్ళు కూడా బెల్లు కొడతారని నవ్వుతాడు ఆయన. ఇప్పుడు ఉద్యోగమే పోయే కాలం వచ్చింది. అంతా తెలిసి నువ్వు నోరు మూసుకోని కూచున్నావు!"

"ఎద్దుల బండి అంటే ఏం? ఎద్దుల బండ్లో పోయినోళ్ళు ఇంటికొచ్చేవాళ్ళు."

"నేను ఇది పెట్టను."

"పెట్టు మే."

"పెట్టను. కావాలంటే నీ కాడే దాచుకో. పట్టుకో. ఈ పిస్టనుకు పట్టిన మన్ను తుడిచి, ఇది లేకుండానే బిగిస్తా."

"నేను ఇంగ చూడలేను. దేవుడి గూటి కాడికి పోతాండా."

"పో. ...ఆ, అంటుకునింది! మా, రా, చూడు... ఏంది ఇది? ఏంది ఇట్లా అరస్తాంది?"

"ఆపు! ఆపు మే! ఇల్లు కూలతాది!"

"ఆగడంలా! యాక్సిలేటరు నేను తిప్పనే లేదు! అదే పెరగతాంది!"

"తాళం! తాళం తీ!"

"చెయ్యి జిడ్డుకు జారతాంది, తాళం తిరగడంలా మా!"

"జరుగు! ...తీసినా. తీసినా. ఆగిపాయ. నీకేం కాలేదు గదా? చేతులు చూపించు."

"నాకేం కాలా."

"ఆ ముక్క తీస్తే బండికి దయ్యం పడతాదని నాకు తెలుసు."

"దయ్యం కాదు. పిస్టనుకు ఒక గాడి ఉండాది. ఆ గాడి తప్పి, తిరగేసి పెట్టినా. అది పైనే ఇరుక్కునింది. నా తప్పే."

"నీ తప్పుకు రోడ్డు మీద ఆయనకేమన్నా అయితే?"

"అట్లా అనొద్దు మా."

"నేను అంటేనే నీకు ఇట్లుండాది. రోజూ పొద్దున ఆయన బండి తీస్తానే నేను అనుకునేది అదే."

"...సరే. మళ్ళీ విప్పుతా. ఈసారి నువ్వూ చూడు. గాడి ఇట్లా, పిస్టను ఇట్లా. నువ్వు వేలు పెట్టి చూడు, పైకీ కిందికీ సులువుగా పోతాందా?"

"పోతాంది. మళ్ళీ ఆడించు. మళ్ళీ. ఆ, పోతాంది."

"ఇప్పుడు విను. కిక్కు కొడతాండా."

"ఉండు, తాళం మీద చెయ్యి పెట్టుకోనీ. ఆ, కొట్టు."

"విన్నావా? నింపాదిగా ఉండాది. కుట్టుమిషను మాదిరి ఉండాది మా!"

"వింటాండా."

"వీధి చివరి దాకా పోయి వస్తా."

"వొద్దు! పల్లవీ! హెల్మెట్టు... పోయె. చెప్పేది వినకుండానే పోయె."

"చూసినావా? అంతలోకే వచ్చినా! అరవై మా! ముల్లు అరవై కాడికి వచ్చింది!"

"నా ముందర ఆ ముల్లు మాట ఎత్తొద్దు."

పొద్దు వాలుతుండగా మునిచంద్ర ఏర్పేడులో చుట్టాలింటి నుంచి బస్సులో వచ్చాడు.

"ఏంది, వీధి మొదట్లోకే పెట్రోలు వాసన కొడతాంది?"

"నాయనా! కార్బురేటరు కడిగినా. నేనే విప్పినా, నేనే బిగించినా."

"నువ్వా? సుబ్బన్న లేకుండానా?"

"మొత్తం విప్పినా."

"పై మూత కూడానా?"

"ఆ. పై మూత కూడా. కోట కాడిదాకా పోయి రా నాయనా ఒకసారి. బండి ఎట్లుండాదో నీకే తెలుస్తాది."

"ఏమే ప్రసన్నా, పోయి రానా?"

"నన్నెందుకు అడగతావు? నీ కూతురు పొద్దంతా కష్టపడింది. పోయి రా."

"నా పక్క చూడకుండా చెప్తాండావే?"

"కంట్లో ఏందో పడింది. పో. మెల్లగా పో."

"పోయినాడు మా. ఇంగ ఊపిరి తీసుకో."

"వినపడతాండాదా శబ్దం?"

"ఆ."

"ఇప్పుడు?"

"సన్నగా."

"ఇప్పుడు?"

"లేదు. మలుపు తిరిగుంటాడు. గడపలో ఎందుకు మా మళ్ళీ? లేసి లోపలికి రా."

"కూచోనీ."

"వస్తాడు మా."

"కోట కాడికి ఇంత సేపా? ఆదివారం. చూడనీకి వచ్చినోళ్ళ బస్సులన్నీ ఆడే తిరగతాంటాయి. ఆయన చేతికి ఆ దౌడు అలవాటు తప్పిపోయింది. నలభై అనుకోని తిప్పుతాడు, అది అరవై పోతాది. నేను చెప్పుండాల్సింది. పోయే ముందరే చెప్పుండాల్సింది."

"నన్ను కూడా భయపెట్టొద్దు మా. ఆ పిస్టను సరిగ్గానే పెట్టినా గదా? నువ్వూ చూసినావు గదా?"

"చూసినా. సరిగ్గానే ఉండె."

"అదో! శబ్దం!"

"మన బండేనా?"

"మనదే. కానీ ఏంది, ఇంత మెల్లగా? ...నాయనా! ఏమాయ? మళ్ళీ నిలబడిపాయనా?"

"లేదు పాపా. బాగుండాది. రవంత చెయ్యి తిప్పంగానే గుర్రం మాదిరి ముందుకు దూకింది. నాకే గుండె ఝల్లుమనింది. రెండో గేరులోనే తిరిగొచ్చినా. ఏమే, నువ్వు మళ్ళీ గడపలోకి వచ్చి కూచున్నావా?"

"ఊరికే. గాలికి."

"అదే గదా నాయనా నేను చేసింది! ఇంగ రేపు టైముకు పోతావు."

"పాపా, ఆ స్ప్రింగులో నీలం ముక్క ఒకటుండాల. యాడ పెట్టినావు?"

"...ఏ ముక్క?"

"పెన్ను గొట్టం. పారేయలేదు గదా?"

"నీకు తెలుసా నాయనా? అమ్మ చేతిలో ఉండాది."

"ప్రసన్నా, చెయ్యి తెరువు. ఇట్లియ్యి. పల్లవీ, ఆ స్క్రూడ్రైవరు అందుకో."

"నాయనా, ఇది పెడితే మళ్ళీ నలభయ్యే! నీ ఉద్యోగం?"

"నలభైలోనే పోతా. ముందుగా కదలాల, అంతే గదా. రేపట్నుంచి కొళాయి కాడ నీళ్ళు నువ్వు పట్టు. చదువుకునే పిల్లవని నిన్ను లేపలా నేను. కార్బురేటరు విప్పి బిగించినదానివి, బిందెలు మొయ్యలేవా?"

"మోస్తా నాయనా. నువ్వు లేపొద్దు కూడా, నేనే లేస్తా."

"ఏమయ్యా, ఎవరు చెప్పినారు నీకు? ఆ సుబ్బన్నేనా? నీ చెవిన పడనీనని నా ముందర ఒట్టేసినాడే!"

"సుబ్బన్న ఒట్టు తప్పలా."

"మరి ఎట్లా తెలిసె?"

"నువ్వు పెట్టించిన తెల్లది ఎప్పుడో పగిలిపాయ ప్రసన్నా, మూత విప్పితే నా చేతికొచ్చె. ఈ నీలంది నేను కోసి ఏసింది."